నమూనా కంప్యూటరులును, వాని ఖాళీ స్థానములును

గడచిన వేసవి సెలవులకు ముందు మన పాఠశాల సామానుల గదిని శుభ్రపరచుటకు తొమ్మిదవ తరగతి విద్యార్థులతో కలిసి పూనుకొంటిమి. కాలు విరిగిన బల్లలు, చెదలు తినివేసిన దేశపటములు, తెగిన వాలీబాలు వల మొదలగునవి బయటికి చేరిన పిదప, మూల నొక గోనెపట్టాలో చుట్టిన వస్తువు కానవచ్చెను. విప్పి చూడగా అది పసుపువన్నెకు తిరిగిన కీబోర్డువలె నుండెను. పై వరుసలో ఎఱ్ఱని మీటలు పది, వాని క్రింద నల్లని మీటలు. తెర లేదు, మౌసు లేదు. పిల్లలు దానిని పాత ఇనుము కుప్పలో వేయబోయిరి. అది ఉత్త కీబోర్డు కాదనియు, కంప్యూటరంతయు ఆ పెట్టెలోనే ఇమిడియున్నదనియు చెప్పి వారింపవలసి వచ్చెను.

దాని పేరు బీబీసీ మైక్రో. ఇంగ్లండులో కేంబ్రిడ్జి పట్టణమందలి ఏకార్న్ అను కంపెనీవారు, బీబీసీ సంస్థ తలపెట్టిన కంప్యూటరు విద్యా కార్యక్రమము నిమిత్తము, దీనిని 1981 వ సంవత్సరము డిసెంబరులో బజారులోనికి తెచ్చిరి. భారత ప్రభుత్వమువారు 1984-85 లో ‘క్లాస్’ అను పేరిట ఉన్నత పాఠశాలలలో కంప్యూటరు చదువును ఆరంభించినపుడు పంచిపెట్టినవి ఈ జాతి యంత్రములే. మన గదిలోనిది వేరొక బడివారు అక్కఱలేదని విడిచిపెట్టగా ఇచ్చటికి చేరినదని మా పెద్దలు చెప్పుదురు.

ఇంతలో ఒక బాలుడు దానిని వెల్లకిల త్రిప్పెను. అడుగున ముందువైపున అయిదు ద్వారములు వరుసగా నున్నవి. ఒక్కొక్క దానికి ఒక్కొక్క పేరు. బాలుడు కూడబలుకుకొని చదివి, “మాస్టారండీ, ఇక్కడ ట్యూబు అని రాసుందండీ. దీనికి గాలి కొట్టాలాండీ?” అని యడిగెను. ప్రక్కవాడు ఊరకుండునా? “ఇక్కడ బస్సు అని కూడా ఉందండీ. ఏలూరు బస్సాండీ, గూడెం బస్సాండీ?” అనెను. అందఱును నవ్విరి, మేమును నవ్వితిమి. అటుపిమ్మట మొదటి బాలుడే, “ఈ కన్నాలన్నీ ఖాళీగా ఎందుకు వదిలేశారండీ? పూర్తిగా చెయ్యకుండానే అమ్మేశారా?” అనెను. ఈ ప్రశ్నకు మాత్రము ఎవ్వరును నవ్వలేదు. పాత సామానులు కొనువాడు త్రాసుతో గుమ్మముకడ నిలిచియున్నాడు. ఆ పెట్టెకు అతడు ప్లాస్టికు తూకము చొప్పున వెల కట్టెను. ప్రధానోపాధ్యాయులవారిని వేడుకొని మేమొక వారము గడువు సంపాదించితిమి. ఆ వారములో బాలురకు చెప్పినదానిని, తల్లిదండ్రులు కొందఱు కోరినందున, ఇచ్చట వ్రాయుచున్నాము.

మన గోదావరి సీమలో డాబా కట్టిన గృహస్థుడు పైకప్పు మీద స్తంభముల ఇనుపకమ్ములను కోసివేయక మూరెడేసి పొడవున విడిచియుంచును. క్రొత్తగా చూచువారికి ఆ ఇల్లు సగములో ఆగినట్లు తోచును. ఇంటివాని తలంపు వేరు. పెద్దకొడుకు పెండ్లినాటికి పైన మేడగది లేపవలెనని అతని ఆశ. కంప్యూటరులోని ఖాళీ స్థానములును అట్టివే. యంత్రమును చేసినవాడు, కొనువానికి మునుముందు ఏమి కావలసి వచ్చునో తా నెఱుగడు గనుక, చోటు మాత్రము విడిచి పంపును. 1977 లో వచ్చిన ఆపిల్-2 యంత్రమునకు ఎనిమిది స్లాట్లుండెను. రెండు చాలునని ఒకరనగా, ఎనిమిది యుండి తీరవలెనని దాని నిర్మాత వోజ్నియాక్ పట్టుపట్టెను. 1981 నాటి ఐబీఎం పీసీకి అయిదు. విడిచిన కమ్ములన్నింటిమీదను మేడలు లేవవు. తుప్పుపట్టినవియు మన వీధిలోనే కలవు. అయినను కమ్మిని కోసివేసిన ఇంటికి ఆ ఆశయే లేదు గదా.

ఇక బస్సు సంగతి. కంప్యూటరులో లెక్కచేయు చిప్పునకును, జ్ఞాపకముంచుకొను మెమొరీకిని నడుమ తీగలకట్ట యొకటి యుండును. అందఱి సరకును ఒకే దారిని మోసికొనిపోవును గనుక దానికి ‘బస్’ అని పేరు వచ్చెను. మెమొరీలోని ప్రతి గదికిని ఇంటినంబరు వంటి యొక సంఖ్య గలదు. ఆ సంఖ్యను మోయు తీగలు పదునాఱు ఉన్నచో 65,536 గదులను మాత్రమే పిలువవచ్చును; అంతకు మించిన గదికి నంబరే లేదు. బీబీసీ మైక్రోలో ఆ నంబరులలో సగము వ్రాతకోతల మెమొరీకిని, తక్కిన సగము చెఱగని వ్రాతలకును చెల్లిపోయినవి. అనగా లోపల వాకిలి మూసికొనిపోయినది. ఇంకను పెంచవలెనన్న దారి యేది? అందుకొఱకే ‘ట్యూబు’ అను ద్వారమును విడిచిరి. దానికి మరియొక చిప్పును, దాని సొంత మెమొరీతో సహా, తగిలింపవచ్చును. అప్పుడు క్రొత్తది ఆలోచించును. పాత యంత్రము మీటలను, తెరను చూచుకొనుచు దానికి సేవ చేయును.

ఆ ద్వారము వృథా కాలేదు. ఏకార్న్ కంపెనీలోని సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ అను నిద్దఱు, బజారులోని చిప్పులేవియు తమకు నచ్చక, సొంతముగా నొక చిప్పును రచించిరి. 1985 వ సంవత్సరము ఏప్రిలు 26 వ తేదీన ఆ నమూనా చిప్పు కర్మాగారమునుండి వచ్చెను. దానిని పరీక్షించుటకు వేఱొక కంప్యూటరు లేదు. అది యే లేకున్న కంప్యూటరెట్లు వచ్చును? కావున బీబీసీ మైక్రో యొక్క ట్యూబు ద్వారమునకు తగిలించిరి. అది పనిచేసెను. ఎంత విద్యుత్తును త్రాగుచున్నదో కొలువబోగా మీటరు సున్న చూపెనట. వెదకి చూడగా విద్యుత్తునిచ్చు తీగ అసలు కలియనే లేదు; ప్రక్క తీగలనుండి ఊటవలె వచ్చిన కొలదిపాటి శక్తితోనే ఆ చిప్పు నడచుచుండెను. ఈ కథను ఫర్బరుగారే చెప్పియున్నారు. ఆర్మ్ అను ఆ చిప్పు సంతతియే నేడు మీ తల్లిదండ్రుల జేబులలోని ఫోనులలో, దాదాపుగా అన్నింటిలోను, ఉన్నది. గాలి కొట్టవలెనా అని మా బాలుడడిగిన కన్నము అదియే.

బజారునకు రాకముందు, చేసినవారి బల్లమీద మాత్రమే నడచు ఇట్టి తొలిరూపును ప్రోటోటైపు అందురు. మనము నమూనా యందము. దర్జీ పెండ్లికోటును కుట్టుటకు ముందు పాతగుడ్డతో కుట్టి చూచునట్టిది. అమ్ముటకు కాదు, తెలిసికొనుటకు. మన దేశమున ఇట్టి యంత్రము లేవియైన తయారైనవా అని బాలికయొకతె యడిగెను. ఆ సంగతి ఇప్పుడు చెప్పవలెను. ఏలయన అది మన యూళ్ళ ప్రక్కనే మొదలగును.

బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో ఆర్. నరసింహన్ గారి నాయకత్వమున కొలదిమంది యువకులు కంప్యూటరును నిర్మింప బూనిరి. నేరుగా పెద్ద యంత్రమునకు దిగక, మొదట చిన్న నమూనాను కట్టిరి. అది 1956 లో నడచెను. అందు నేర్చినదానితో పెద్దదానిని 1960 నాటికి పూర్తి చేసిరి. టిఫ్రాక్ అని దానికి నామకరణము చేసినవారు నెహ్రూగారు. పదునెనిమిది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల ఎత్తు గల ఉక్కు చట్రము. అందు 2,700 వాల్వులు, 1,700 జెర్మేనియము డయోడులు, 12,500 రెసిస్టరులు. మెమొరీలో నలువదేసి బిట్లు గల మాటలు 2,048. బాలురచే గుణింపజేసితిమి: 81,920 బిట్లు, అనగా 10,240 బైట్లు. మా గోనెపట్టాలోని పెట్టెలో దానికి మూడురెట్లకు మించి మెమొరీ యున్నది. పిల్లలు పెట్టెను మఱల చేతిలోనికి తీసికొని, ఈసారి కొంచెము జాగ్రత్తగా క్రిందనుంచిరి.

టిఫ్రాక్ పూర్తియగునాటికి ఇతర దేశములలో వాల్వుల కాలము తీరిపోయి ట్రాన్సిస్టరుల కాలము వచ్చినది. అయిదేండ్లు నడచి 1965 లో అది విశ్రమించెను. 1964 లోనే అదే సంస్థకు అమెరికానుండి సీడీసీ 3600 అను పెద్ద కంప్యూటరు వచ్చెను. మఱి కొనవచ్చునది యుండగా కట్టుట యేల? ఇది మేము పలుమార్లు విన్న ప్రశ్న. మా యభిప్రాయము వేరు. వంట ఎఱుగనివాడు హోటలులో ఏ కూర చెడినదో చెప్పలేడు. ఒక యంత్రమును తమ చేతులతో కట్టి, అది చెడినపుడు రాత్రులు మేల్కొని బాగుచేసినవారే, తరువాత వచ్చిన యంత్రములను ఎంచగలిగిరి, ఇతరులకు నేర్పగలిగిరి.

ఆనాటి మెమొరీని గూర్చి కొంచెము చెప్పక విడువజాలము. ఏలూరివారికి అది చక్కగా బోధపడును. ఫెర్రైటు అను పదార్థముతో ఆవగింజలకు కొంచెము పెద్దవియైన ఉంగరములను చేసి, నిలువు తీగలును అడ్డు తీగలును కలియు ప్రతిచోట ఒక్కొక్క ఉంగరమును గ్రుచ్చుదురు. మన తివాచీ మగ్గము మీది పడుగుపేకలను తలంచుకొనుడు. ముడి పడవలసిన చోట ఉంగరము పడును. ఉంగరము ఒక దిక్కునకు అయస్కాంతమైనచో ఒకటి, ఎదుటి దిక్కునకైనచో సున్న. ఒక్క తీగలో సగము విద్యుత్తును పంపిన ఏ ఉంగరమును కదలదు. ఒక నిలువు తీగలో సగము, ఒక అడ్డు తీగలో సగము పంపినచో, ఆ రెండును కలియుచోటనున్న ఒక్క ఉంగరము మాత్రమే మొత్తము బలము తగిలి తిరుగును. వేలాది ఉంగరములలో కావలసినదొక్కటి ఇట్లు పలుకును. చిత్రమేమనగా, చదివినంతనే అందలి వ్రాత చెఱగిపోవును. కావున చదివిన మరుక్షణమే తిరిగి వ్రాయవలెను. ఈ గ్రుచ్చుపనిని సూదులతో, భూతద్దముల క్రింద, చేతితోనే చేయుచుండిరి. పలుచోట్ల స్త్రీలే చేసిరి. మిషనరీ దొరసానులు నేర్పిన లేసును అల్లు మన నరసాపురము తల్లులు ఈ పనిని చూచినచో వింతపడకపోదురని మా నమ్మకము.

ఇక మన జిల్లాల సంగతి. 1962 నాటి చైనా యుద్ధము తరువాత, ఎలక్ట్రానికు పరికరములకై పరదేశములపై ఆధారపడుట ప్రమాదమని గ్రహించి, 1963 లో ప్రభుత్వమువారు హోమీ భాభాగారి యధ్యక్షతన ఒక సంఘమును నియమించిరి. అందు నలుగురే సభ్యులు. భాభాగారును, విక్రమ్ సారాభాయిగారును లోకవిఖ్యాతులు. తక్కిన ఇద్దఱును మన ఇరుగుపొరుగువారు. ఒకరు నూజివీటి ప్రక్కనున్న ఆగిరిపల్లిలో జన్మించిన సూరి భగవంతముగారు, రామన్ గారి శిష్యులు. రెండవవారు భీమవరము చెంత మోగల్లులో 1914 లో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు. మోగల్లనగానే అల్లూరి సీతారామరాజుగారి తండ్రి యూరని మన పిల్లలు చెప్పుదురు, ఏ. ఎస్. రావుగారి యూరని చెప్పినవారిని మేమింకను చూడలేదు. ఆయన కాశీలోను, అటుపిమ్మట అమెరికాలోని స్టాన్ఫర్డు విశ్వవిద్యాలయములోను చదివి, భాభాగారి కొలువులో చేరిరి. 1956 ఆగస్టు 4 వ తేదీన మేల్కొనిన అప్సర అణు రియాక్టరునకు నియంత్రణ పరికరములను సమకూర్చినది ఆయన బృందమే.

భాభాగారు 1966 జనవరిలో విమాన ప్రమాదమున మరణించిరి. ఆ సంఘపు నివేదిక ఆ సంవత్సరమే వెలువడెను. మరుసటి యేడు ఏప్రిలులో హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, జనులు ఈసీఐఎల్ అనునది, ఏ. ఎస్. రావుగారి చేతులమీదుగా స్థాపితమైనది. ఇంటిలో ఈసీ టీవీ చూచిన తాతలు ఆ పేరును మఱువరు. 2003 లో గతించిన రావుగారి పేరిట హైదరాబాదులో ఒక నగరమే వెలసియున్నది.

ఆ కాలముననే బొంబాయి ట్రాంబేలోని అణుపరిశోధన కేంద్రమున ఒక కంప్యూటరును రచించుచుండిరి. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్, పొట్టిపేరు టీడీసీ-12. అది 1969 లో నడచెను. పండ్రెండు అనగా దాని మాటలో పండ్రెండు బిట్లు. పండ్రెండు బిట్లతో వ్రాయదగిన నంబరులు 4,096 మాత్రమే. అన్ని మాటల మెమొరీకి, లెక్కింపుడు, 49,152 ఉంగరములు గ్రుచ్చవలెను. మఱి దానిని పెంచుటెట్లు? అమెరికాలో 1965 లో వచ్చిన పీడీపీ-8 అను ప్రసిద్ధమైన పండ్రెండు బిట్ల యంత్రములో, నంబరునకు ముందు మూడు బిట్లను చేర్చి, 4,096 గదుల పేటలను ఎనిమిదింటిని నిలిపిరి. ఇంటినంబరు ముందు పేట పేరు వ్రాసినట్లే: పవరుపేటలోను 12 వ నంబరుండును, ఆర్.ఆర్. పేటలోను 12 వ నంబరుండును. పేట తెలిసిన తపాలవాడు పొరబడడు.

టీడీసీ-12 ముఖ్యముగా ఆ క్షణమునకు ఆ క్షణము బదులు చెప్పుటకై పుట్టినది. పరీక్ష మార్కులను నేడు కూడినను, ఎల్లుండి కూడినను భేదము లేదు. బుడమేరు పొంగి కొల్లేటి మట్టము గడియగడియకు పెరుగుచుండగా, ఎల్లుండి లెక్క తేల్చి చెప్పువానితో లంకలవారికేమి పని? అణు రియాక్టరు సంగతియు అట్టిదే. ట్రాంబేలోని నమూనా హైదరాబాదునకు వచ్చి, ఈసీఐఎల్ చేతులలో అమ్ముడుపోవు సరకైనది. 1974 లో టీడీసీ-312, 1975 లో పదునాఱు బిట్ల టీడీసీ-316 వచ్చినవి. 1971 మొదలు 1978 వఱకు ఆ సంస్థ అమ్మిన కంప్యూటరులు నూటిలోపే. కొన్నవారు ఎక్కువగా ప్రభుత్వ పరిశోధనశాలలును విశ్వవిద్యాలయములును. టీడీసీ-316 మన వైమానికదళమువారి గగనతలరక్షణ వ్యవస్థలోను చేరెను. నూటిలోపే గదా అని తీసివేయవచ్చును. నూటిలో ప్రతిదియు, చేసినవాడు ప్రక్కన లేని గదిలో, ఇతరుల చేతులలో నడువవలసి యుండెనని మాత్రము మఱువరాదు.

నమూనాకును సరకునకును గల దూరమిదియే. నమూనా చెడినపుడు దాని తండ్రి ప్రక్కనే యుండి ఎక్కడ తట్టవలెనో యెఱుగును. సరకు అట్లు కాదు. ఎండకును, దుమ్మునకును, కరెంటు కోతకును, తెలియనివాని చేతికిని ఓర్వవలెను. ఈ దూరము ఎంతటిదో మన ఉపాధ్యాయులందఱికిని చేతులారా తెలిసిన యంత్రమే యొకటి సాక్ష్యమిచ్చును. అదియే వోటింగు యంత్రము. ఎన్నికల సంఘమువారు 1977 లో తలపెట్టి, ఈ హైదరాబాదు సంస్థకే ఆ పనిని అప్పగించిరి. 1979 లో నమూనా సిద్ధమైనది. 1980 ఆగస్టు 6 వ తేదీన రాజకీయ పక్షములవారికి దానిని చూపిరి. 1982 మే నెలలో కేరళలోని పరవూరు నియోజకవర్గమున ఏబది పోలింగు కేంద్రములలో యంత్రములతో వోట్లు వేయించిరి. యంత్రములు లెక్క చెప్పినవి. కాని, చట్టములో యంత్రమను మాట లేదని 1984 లో సుప్రీం కోర్టువారు ఆ వోటింగును చెల్లదనగా, మఱల కాగితములతో జరుపవలసి వచ్చెను. పార్లమెంటువారు 1988 డిసెంబరులో చట్టమును సవరించిరి. లోక్‌సభ స్థానములన్నింటను యంత్రములే నిలిచినది 2004 లో. నమూనా పుట్టిన యిరువదియైదేండ్లకు!

దానిలోను ఖాళీ స్థానములున్నవి. అధికారి బల్లమీది పెట్టె యొకటి, వోటరు మీటనొక్కు పెట్టె యొకటి. వోటరు పెట్టెలో పదునార్గురికి చోటు. పోటీదారులు మించినచో రెండవ పెట్టెను మొదటిదానికి తగిలింతురు. తొలినాటి యంత్రములలో ఇట్లు నాలుగింటివఱకు, అనగా అఱువది నలుగురివఱకు, కూర్పవచ్చును. తరువాతి యంత్రములలో ఇంకను హెచ్చు. 2013 నుండి చీటీ చూపు పెట్టెయు చేరెను. పోలింగు విధులలో మన మాస్టరులు ఈ తీగలను ఎన్నిమారులు తగిలించిరో! రాత్రి పదిగంటలకు సీళ్ళు వేయుచు విసుగుకొనినవారిలో మేమును ఉన్నాము. ఆ విసుగులో, ఇది ఒకప్పుడు ఎవరి బల్లమీదనో తడబడుచు వెలిగిన నమూనా యని ఒక్కనాడును తోచలేదు.

ఇంతటి సంగతి తెలిసియు మేమొక తప్పు చేసితిమి; దాచుట న్యాయము కాదు. మూడేండ్ల క్రిందట కొల్లేటి లంక గ్రామమునుండి వచ్చు విద్యార్థిని యొకతె విజ్ఞాన ప్రదర్శనకు ఒక చిన్న పెట్టెను తెచ్చెను. ఆమె తండ్రి రొయ్యల చెరువును కౌలుకు చేయుచున్నాడు. రాత్రివేళ కరెంటు పోయి ఏరియేటరులు ఆగినచో నీటిలో ప్రాణవాయువు తగ్గి, తెల్లవారుసరికి రొయ్యలు తేలిపోవును. సంవత్సరపు కష్టము ఒక రాత్రిలో పోవును. కరెంటు పోగానే గంట మ్రోగి తండ్రిని లేపుటకు ఆ బిడ్డ ఆర్డ్వినో అను చిన్న పలకతో ఆ పెట్టెను చేసెను. ప్రదర్శననాడు మా యెదుట అది మ్రోగలేదు. ఆమె రెండుమారులు తట్టి చూచి, తలవంచుకొని నిలిచెను. మేము, బోధనాభ్యసన కళాశాలలో నేర్చిన మార్కుల పట్టికను ముందు పెట్టుకొని, ‘పనిచేయుట’ అను గడిలో సున్న వేసి, థర్మోకోలుతో ముచ్చటగా చేసిన చంద్రయానమునకు బహుమానమిచ్చితిమి.

తరువాత ఆమె తండ్రి టీసీ కొఱకు వచ్చినపుడు మాటవరుసగా చెప్పెను: “అది మా షెడ్డులో మోగుద్దండి, మాస్టారండీ. రెండుసార్లు నన్ను లేపింది. బస్సులో తెచ్చేటప్పుడు వైరు ఊడిపోయుంటుంది.” పలకమీద వాడని పిన్నులు ఇంకను చాలనున్నవనియు, నీటి వేడిమిని కొలుచు పరికరమును వానికి తగిలించవలెనని బిడ్డ చెప్పుచుండెననియు ఆయన అనెను. మేమేమియు పలుకలేకపోతిమి. ఆమె ఇప్పుడు వేఱొక ఊర చదువుచున్నది. ఈ సంవత్సరమునుండి మా పట్టికలో ఆ గడిని కొట్టివేసి, ‘ఇంటివద్ద ఎన్నిమారులు నడచినది, ఎచ్చట చెడినది, ఎందుచేత’ అను మూడు గడులను గీసితిమి. ఆ కాగితమును చూచి ఇతర ఉపాధ్యాయులు కొందఱు, ఇది మార్కుల పట్టికా, వైద్యుని చీటీయా అని నవ్విరి.

వారము గడువునకు మఱల వత్తము. ఉత్సాహమున మేము మూడవనాడే పెట్టెకు కరెంటు ఇచ్చితిమి. రెండు నిమిషములలో దట్టమైన పొగయు, చేపలు మాడిన వాసనయు వచ్చినవి. బాలురు కిటికీలు తెఱచిరి. ప్రధానోపాధ్యాయులవారు వరండానుండి చూచి మాట్లాడక వెళ్ళిరి. పవరుపేటలో పాత టీవీలను బాగుచేయు వృద్ధుని కడకు కొనిపోగా, ఆయన మూత విప్పి నవ్వి, ఈ యంత్రములకు ఇది సహజ రోగమనియు, కరెంటు వచ్చుచోటనున్న పాత కెపాసిటరులు పగిలి తేమ పట్టి ఇట్లు పొగ క్రక్కుననియు, అసలు యంత్రమునకు హాని లేదనియు చెప్పెను. రెండు కెపాసిటరులను మార్చి, చేతికూలి మాత్రము పుచ్చుకొనెను. ఆయన విప్పినపుడే పిల్లలు లోపలి పలకనంతయు చూచిరి: అచ్చటను చిప్పులు లేని ఖాళీ సాకెట్లు, ప్రతిదాని ప్రక్కను తెల్లని చిన్న అక్షరములు.

ఆఱవనాడు, ఒక విద్యార్థి ఇంటనుండి తెచ్చిన పాత డబ్బా టీవీకి దానిని తగిలించి మీట నొక్కితిమి. రెండు స్వరములుగా కూత పెట్టి, నల్లని తెరమీద తెల్లని అక్షరములతో ‘బీబీసీ కంప్యూటర్ 32కే’ అని చూపెను. గాలి కొట్టవలెనా అని యడిగిన బాలుడే మొదట దానిచేత ఏడవ ఎక్కము చెప్పించెను. పాత సామానులు కొనువాడు మరునాడు వచ్చి, బల్లలను తూచుకొని వెళ్ళెను.

ఇప్పుడది విజ్ఞానశాలలో కిటికీ ప్రక్క అలమరలో నున్నది. అడుగుభాగము కనబడునట్లు క్రింద అద్దము నొకదానిని అమర్చితిమి. తాళపుచెవి మా వద్ద నుండును. శనివారము మధ్యాహ్నము వచ్చి చూడవచ్చును. మీ యిండ్ల అటకలమీద పాత కంప్యూటరులు గాని, వాని పలకలు గాని, కొనిన నాటి పుస్తకములు గాని, పిల్లలు చేసి సగములో విడిచిన పెట్టెలు గాని యున్నచో, తూకమునకు ఇచ్చుటకు ముందు ఒకమారు మాకు కబురంపుడు. చేసినవారి పేరును, సంవత్సరమును చీటీమీద వ్రాసి కట్టవలెను. పాత టీవీ గాజుబుడ్డి మూతను మాత్రము ఎవ్వరును విప్పరాదు. కరెంటు తీసివేసిన పిమ్మటను అందు చావుదెబ్బ కొట్టునంతటి విద్యుత్తు నిలిచియుండును.